ఆక్సిజన్‌తో బేరం

ఆదివారం వచ్చిందంటే పాత సామాను ముందేసుకుని కూచునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరు ఉంటారు. ఒకరు మూలపడిన చేతక్ స్కూటర్‌ను లేపాలని చూస్తారు. ఇంకొకరు తాతగారి ఉలిపెట్టె తీసి సాన పడతారు. మరొకరు అటక మీది పెట్రోమాక్స్ లైటు దింపి, దుమ్ము దులిపి, పంపు కొట్టి చూస్తారు. పైకి మూడూ మూడు రకాల పనులు. కావలసిన పనిముట్లు వేరు, విడిభాగాలు దొరికే దుకాణాలూ వేరు. కానీ ముగ్గురికీ ఎదురైన సమస్య ఒక్కటే. గాలిలో ఐదో వంతు ఉన్న ఆక్సిజన్.

స్కూటర్ ఫ్లోర్‌బోర్డును తినేసింది అదే. కార్బురేటర్‌లో పెట్రోలును జిగురుగా మార్చింది అదే, రబ్బరు సీలును పెళుసు చేసిందీ అదే. అలాగని దాన్ని పూర్తిగా శత్రువనుకోలేం. ఉలి మొనకు ఎంత వేడి తగిలిందో రంగు వేసి చూపించేది ఆక్సిజనే. అల్యూమినియం ఇంజను పెట్టె ఇన్నేళ్లు నిలిచిందంటే దాని మీద ఆక్సైడ్ పొర ఉండబట్టే. పెట్రోమాక్స్‌లో తెల్లగా వెలిగేదీ ఒక ఆక్సైడే. ఆక్సిజన్ పనిని ఎక్కడ ఆపాలో, ఎక్కడ వెనక్కి తిప్పాలో, ఎక్కడ దాన్నే కాపలా పెట్టుకోవాలో తేల్చుకోవడమే పాత వస్తువును బాగుచేయడంలోని శాస్త్రమంతా.

ఒక నీటిబొట్టు కింద

శుభ్రంగా రుద్దిన ఇనుప రేకు మీద ఉప్పునీటి బొట్టు ఒకటి వేసి కాసేపు వదిలేయండి. బొట్టులో ఎర్రటి తుప్పు వలయంలా ఏర్పడుతుంది. తుడిచి చూస్తే మాత్రం గుంట పడింది వలయం కింద కాదు, నడిమధ్యన. కేంబ్రిడ్జి శాస్త్రవేత్త యూలిక్ ఎవాన్స్ 20వ శతాబ్ది తొలి సగంలో ఈ చిన్న ప్రయోగంతోనే తుప్పు పట్టడం విద్యుత్తుతో ముడిపడిన చర్య అని స్పష్టంగా చూపించాడు.

జరిగేది ఇదీ. బొట్టు అంచుల్లో నీరు పలుచన, కాబట్టి అక్కడికి గాలిలోని ఆక్సిజన్ తేలిగ్గా చేరుతుంది. మధ్యలో నీరు లోతు, ఆక్సిజన్ తక్కువ. మధ్యభాగంలోని ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి నీటిలో కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా అంచుకు పోయి, అక్కడ ఆక్సిజన్‌కూ నీటికీ అంది, హైడ్రాక్సైడ్ అయాన్లు పుడతాయి. కరిగిన ఇనుము, హైడ్రాక్సైడ్ దారిలో కలుసుకున్నచోట తుప్పు కనిపిస్తుంది. లోహం పోయేది ఒకచోట, తుప్పు తేలేది మరోచోట.

పాత స్కూటర్ ముందు కూచున్నవారికి ఈ ఒక్క సంగతి చాలా విషయాలు చెబుతుంది. ఎండకూ వానకూ ఎదురుగా ఉన్న ముందు షీల్డ్ కంటే, రబ్బరు మ్యాట్ కప్పిన ఫ్లోర్‌బోర్డు ముందుగా ఎందుకు చిల్లులు పడుతుంది? మ్యాట్ కింద తేమ ఉంటుంది, గాలి ఆడదు. ఆక్సిజన్ కరువైన ఆ చోటే ఇనుము కరిగేచోటు అవుతుంది. వాషర్ కింద, మట్టి పేరుకున్న మడ్‌గార్డ్ మడతలో, పెయింటు ఉబ్బిన అంచు లోపల జరిగేదీ ఇదే. అందుకే పెయింటు బుడగలా లేచినచోట పైపైన రుద్ది రంగు పూయడం వృథా. బుడగ ఆగినచోటు దాటి, మెరిసే లోహం కనిపించేదాకా గీకాలి.

బిగుసుకున్న వైస్

ఇనుము తుప్పుగా మారితే దానికి పట్టే చోటు రెండింతల నుంచి ఆరింతల దాకా పెరుగుతుంది. మరల మధ్య ఉన్న సందు వెంట్రుక మందం కంటే తక్కువ. ఆ సందులో పుట్టిన తుప్పు బయటికి రాలేక నట్టునూ బోల్టునూ రెండువైపులా నొక్కి పట్టేస్తుంది. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, ఏ ఊరి పాత ఇనుము కొట్లోనో తూకానికి కొన్న బెంచి వైస్ సాధారణంగా ఈ స్థితిలోనే చేతికొస్తుంది. దవడలు కదలవు, పిడి తిరగదు.

సుత్తి అందుకోవడం ఇక్కడ తొందరపాటు. పోత ఇనుము దెబ్బకు వంగదు, పగులుతుంది. ముందు కిరసనాయిలో, పలుచని నూనెనో మరల దగ్గర పోసి ఒకటి రెండు రోజులు వదిలేయాలి. సందు ఎంత సన్నగా ఉంటే నూనె అంత లోపలికి తనంతట తానే పాకుతుంది. లాంతరు వత్తి పైకి కిరసనాయిల్‌ను తీసుకుపోయే కేశనాళిక చర్యే ఇక్కడా పనిచేస్తుంది.

విడదీశాక తుప్పు వదిలించడానికి అన్నిటికంటే మృదువైన దారి విద్యుత్తు. ప్లాస్టిక్ తొట్టిలో నీరు పోసి, లీటరుకు ఒక పెద్ద చెంచా చొప్పున బట్టల సోడా, అంటే సోడియం కార్బొనేట్ కలపాలి. వైస్ ముక్కను 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ మైనస్ వైరుకు తగిలించాలి. ప్లస్ వైరుకు పనికిరాని ఇనుప రేకు ముక్క. రెండూ ఒకదానికొకటి తగలకుండా నీటిలో వేలాడదీసి కరెంటు ఇస్తే, వైస్ ముక్క నుంచి సన్నటి బుడగలు లేస్తాయి. అది హైడ్రోజన్. బుడగలు తుప్పు పెచ్చులను లోపలినుంచి తోసి ఊడదీస్తాయి. ఎలక్ట్రాన్లు అందిన తుప్పులో కొంత నల్లటి మాగ్నెటైట్‌గా మారి మెత్తబడుతుంది. నురగ గోధుమరంగులోకి తిరుగుతుంది. కొన్ని గంటల తరవాత బయటికి తీస్తే ముక్క మసిబారినట్టు నల్లగా ఉంటుంది. వైరు బ్రష్‌తో నాలుగు రుద్దులు రుద్దితే ఆ నలుపు రాలి, కంపెనీవాడు పోతపోసిన అక్షరాలు అంచులతో సహా తేలతాయి.

నీటిబొట్టు ప్రయోగంలో లోహం ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంది. ఇక్కడ బయటినుంచి మనం వాటిని తిరిగి ఇస్తున్నాం. కాబట్టి మంచి ఇనుము కరగదు, కరిగేది ప్లస్ వైరుకు కట్టిన రేకు. ఆకురాయితోనో గ్రైండర్‌తోనో రుద్దితే తుప్పుతోపాటు లోహమూ పోతుంది. ఈ పద్ధతిలో తుప్పు మాత్రమే పోతుంది.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. తొట్టి ఆరుబయట ఉండాలి, వైర్లు తీసేముందు చార్జర్ ఆపాలి. బట్టల సోడాకు బదులు ఉప్పు వేస్తే విషపూరితమైన క్లోరిన్ వస్తుంది. ప్లస్ వైరుకు స్టెయిన్‌లెస్ స్టీలు కడితే అందులోని క్రోమియం ప్రమాదకర రూపంలో నీటిలోకి దిగుతుంది. అల్యూమినియం ముక్కలను ఈ తొట్టిలో వేయకూడదు. క్షారంలో అవి కరిగిపోతాయి.

తుప్పునే కవచం చేస్తే

తుప్పునంతా తీసేయాలని లేదు. ఢిల్లీలో మెహ్రౌలీ ఇనుప స్తంభం సుమారు 1,600 ఏళ్లుగా వానలో నిలబడి ఉంది. కాన్పూర్ ఐఐటీ లోహశాస్త్రవేత్త ఆర్. బాలసుబ్రమణియం దానిపై పొరను పరీక్షించి, ఇనుములో ఉన్న భాస్వరమే రహస్యమని తేల్చారు. నేటి ఉక్కులో భాస్వరం దాదాపు లేకుండా చేస్తారు. ఆ స్తంభంలో అది పావు శాతం వరకూ ఉంది. తుప్పుతో కలిసి అది దట్టమైన ఫాస్ఫేట్ పొరగా ఏర్పడి, తేమనూ ఆక్సిజన్‌నూ లోపలికి రానివ్వడం లేదు.

హార్డ్‌వేర్ కొట్లో దొరికే ‘రస్ట్ కన్వర్టర్’ సీసాల్లో చాలావాటిలో ఉండేది ఫాస్ఫారిక్ ఆమ్లమే. ఎర్ర తుప్పును అది గట్టి ఇనుప ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. మరికొన్నిటిలో టానిన్ ఉంటుంది. టానిన్ ఇనుముతో కలిస్తే నీలి నలుపు పదార్థం ఏర్పడి గట్టిగా అంటుకుంటుంది. మ్యూజియంలలో పాత ఇనుప వస్తువులను కాపాడేవారు టానిక్ ఆమ్లం పూసేది ఇందుకే. ఈ చర్య మన శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులకు తరతరాలుగా తెలుసు. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీటితో గీస్తే గీత నల్లగా తేలుతుంది. కరక్కాయలోని టానిన్, నీటిలోని ఇనుము బట్ట మీద కలుసుకున్న ఫలితం అది. పాత గొడ్డలి తల మీద ఉన్న పలుచని తుప్పునూ అదే చర్య నల్ల కవచంగా మారుస్తుంది.

ఉలి చెప్పే ఉష్ణోగ్రత

ఉలి, రందా బ్లేడు, కత్తి వంటి పనిముట్లలో గెలుపోటములు తేలేది అంచు దగ్గర. ఎర్రగా కాల్చి నీటిలో ముంచిన ఉక్కు గాజంత గట్టిదే గానీ, గాజులాగే విరుగుతుంది. అందుకే కమ్మరి దాన్ని మళ్లీ మెల్లగా వేడిచేసి కొంత మెత్తబరుస్తాడు. ఎంత వేడి చాలో చెప్పడానికి అతని దగ్గర ఉష్ణమాపకం లేదు. మెరుగుపెట్టిన ఉక్కు మీద ఆక్సిజన్ వేసే రంగులే అతనికి ఆధారం. సుమారు 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత గడ్డి రంగు, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం. వేడి పెరిగేకొద్దీ ఆక్సైడ్ పొర నానోమీటర్ల లెక్కన మందమవుతుంది. ఆ పొర పైతలం నుంచీ కింది తలం నుంచీ తిరిగొచ్చే కాంతి తరంగాలు కొన్ని రంగుల్లో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, మిగిలిన రంగు కంటికి కనిపిస్తుంది. ఉలికి గడ్డి రంగు దగ్గర ఆపాలి, స్ప్రింగుకు నీలం దాకా పోనివ్వాలి.

ఆదివారం మెకానిక్కు దీనివల్ల ఒక హెచ్చరిక. పాత ఉలిని కరెంటు సానరాయి మీద నొక్కి పెట్టినప్పుడు మొన మీద నీలిరంగు చార కనిపిస్తే, అక్కడ గట్టిదనం పోయిందని అర్థం. చూడటానికి బాగానే ఉంటుంది, కర్రలో దింపితే మొన మడత పడుతుంది. నీలం పోయేదాకా అరగదీయాలి, ప్రతి రెండు మూడు తాకులకు నీటిలో ముంచాలి. ఓపిక ఉంటే చేతి సానరాయే మేలు.

ఉక్కు తయారీలోనూ ఆక్సిజన్‌తో ఇలాంటి ఒప్పందమే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మట్టి మూసలో ఇనుమూ కర్రముక్కలూ ఆకులూ పెట్టి, మూత మెత్తి గాలి సోకకుండా కొలిమిలో కాల్చేవారు. బయట బొగ్గుకు తిత్తితో ఆక్సిజన్ ఊదేవారు, మూస లోపలికి మాత్రం దాన్ని రానిచ్చేవారు కాదు. లోపల ఇనుము కర్బనాన్ని పీల్చుకుని ఊట్జ్ ఉక్కుగా మారేది. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవారు.

స్కూటర్‌లో జిగురు

పాత స్కూటర్ కిక్కు కొట్టగానే లేవకపోతే ముందు చూడవలసింది కార్బురేటర్. పెట్రోలులోని కొన్ని హైడ్రోకార్బన్లు నెలల తరబడి గాలి తగిలితే ఆక్సిజన్‌తో కలిసి గొలుసులుగా పెరిగి బంకలా గట్టిపడతాయి. జెట్ రంధ్రం సూదిమొనంత. బంక పూత కొంచెం పట్టినా ఇంజనుకు పెట్రోలు చాలదు. ఇనుప తీగతో పొడిస్తే మెత్తని ఇత్తడి జెట్ రంధ్రం పెద్దదవుతుంది. కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టడమే పద్ధతి.

దీనికి ఇప్పుడు ఇథనాల్ తోడైంది. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మితిమీరితే నీరు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. లోపలి తుప్పు మొదలయ్యేది అక్కడే. పాతకాలపు రబ్బరు పైపులు, సీళ్లు కొన్ని ఇథనాల్‌కు ఉబ్బి మెత్తబడతాయి. వాటి స్థానంలో ఇథనాల్‌కు తట్టుకునే రకం వేయడం, నెలల తరబడి నిలిపే బండి ట్యాంకు ఖాళీ చేయడం తేలికైన మందులు. పెట్రోలు ట్యాంకు చిల్లుకు వెల్డింగు జోలికి మాత్రం పోకండి. ఖాళీగా కనిపించే ట్యాంకులో ఆవిరి నిండి ఉంటుంది, అదే బాంబు.

ఇంజను పెట్టె అల్యూమినియంది. అల్యూమినియం ఇనుము కంటే వేగంగా ఆక్సిజన్‌తో కలుస్తుంది. కానీ దాని ఆక్సైడ్ పొర పెచ్చులు కట్టకుండా లోహానికి అతుక్కుని ఉంటుంది. గీత పడితే క్షణాల్లో కొత్త పొర కడుతుంది. చిక్కల్లా దానిలో ఇనుప బేరింగును దించేటప్పుడు. 47 మిల్లీమీటర్ల బేరింగును సుత్తితో కొట్టి దింపితే పెట్టె పగలొచ్చు. పెట్టెను 80 డిగ్రీలు వేడెక్కిస్తే అల్యూమినియం రంధ్రం దాదాపు 0.09 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. బేరింగును అప్పటిదాకా ఫ్రిజ్‌లో ఉంచితే, పెట్టగానే తనంతట తానే జారి కూర్చుంటుంది. విజయవాడ ఆటోనగర్‌లో అనుభవమున్న మెకానిక్కులు బేరింగు దగ్గర సుత్తి తీయకపోవడం వెనక ఉన్న లెక్క ఇదే.

బ్రేకు డ్రమ్ము విప్పేటప్పుడు ఊదవద్దు. పాత బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్ ఉండేది, దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే పోదు. తడి గుడ్డతో తుడిచి, గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. పాత పెయింటుదీ ఇదే సంగతి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసే నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందటి పూతల్లో సీసం ఉందనే అనుకుని, పొడిగా కాకుండా నీళ్లు పోసి రుద్దాలి.

పెట్రోమాక్స్ వెలుగు

పెళ్లి ఊరేగింపుల్లో తలల మీద, పద్యనాటకాల్లో తెర ముందు వెలిగిన ఈ దీపానికి జర్మనీలో మాక్స్ గ్రేట్జ్ ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో రూపమిచ్చాడు. పెద్ద రకం ఒక లీటరు కిరసనాయిలుతో దాదాపు ఎనిమిది గంటలు వెలుగుతుంది.

బాగుచేయడం ట్యాంకుతో మొదలవుతుంది. అది ఇత్తడి. చిలుము పట్టినచోట చింతపండు రుద్దితే మెరుస్తుందని ప్రతి ఇంట్లోనూ తెలుసు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగి ఆక్సైడ్‌ను కరిగించి పట్టుకుపోతుంది. రుద్ది వెంటనే కడిగేయాలి. పులుపులో రాత్రంతా నానబెడితే ఇత్తడిలోని జింకు కరిగిపోయి గులాబీ రంగు మచ్చలు తేలతాయి, అక్కడ బలం ఉండదు. అమ్మోనియా ఉన్న క్లీనర్లు అసలే వద్దు. బ్రిటిష్ హయాంలో మన దేశపు వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తుపాకీ తూటాల ఇత్తడి గొట్టాలు వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి లేచిన అమ్మోనియా, తేమ, సాగదీసినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిసిన ఫలితమని 1921లో తేలింది. పెట్రోమాక్స్ ట్యాంకూ అలా సాగదీసి చేసినదే. పైగా దానిలో ఒత్తిడితో కిరసనాయిలు ఉంటుంది.

పంపులోని తోలు వాషర్ ఎండి ముడుచుకుని ఉంటుంది. దాన్ని నూనెలో నానబెట్టి వేళ్లతో గిన్నెలా విప్పితే చాలు, మళ్లీ గాలి పడుతుంది. ఖాళీ ట్యాంకుకు పంపు కొట్టి నీళ్ల బకెట్లో ముంచి చూడాలి. ఎక్కడ బుడగ వస్తే అక్కడ కారుతుంది. అది తేలేదాకా కిరసనాయిలు పోయకూడదు. పెట్రోలు ఎప్పటికీ పోయకూడదు.

వెలిగించేటప్పుడు ముందు స్పిరిట్ మంటతో జనరేటర్ గొట్టాన్ని కాల్చాలి. పంపు ఒత్తిడికి పైకెక్కిన కిరసనాయిలు అక్కడ ఆవిరై, సన్నటి నిపుల్ నుంచి వేగంగా చిమ్మి, పోతూపోతూ గాలిని వెంట లాక్కుపోతుంది. ఆ మిశ్రమం నీలిమంటతో మండుతుంది. నీలిమంటలో వేడి ఎక్కువ, వెలుగు తక్కువ. వెలుగిచ్చేది మంటకు తొడిగే వల, మ్యాంటిల్. 1891లో ఆస్ట్రియా రసాయనవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ దీనికి సరైన పాళ్లు కనిపెట్టాడు. థోరియం ఆక్సైడ్ 99 పాళ్లు, సీరియం ఆక్సైడ్ ఒక పాలు. మొదటిసారి అంటించగానే నూలు వల కాలిపోయి, దానిలో ఇంకిన లవణాలు ఆక్సైడ్లుగా మారి వల ఆకారంలోనే బూడిద గూడు నిలుస్తుంది. థోరియం ఆక్సైడ్ 3,000 డిగ్రీలు దాటినా కరగదు. వేడిని పరారుణ కిరణాలుగా పెద్దగా వదలదు కాబట్టి మంటలో బాగా వేడెక్కుతుంది. ఆ వేడిని కంటికి కనిపించే కాంతిగా మార్చేది ఆ ఒక్క పాలు సీరియం. సీరియం పెంచితే పరారుణం కూడా పెరిగి మ్యాంటిల్ చల్లబడుతుంది, వెలుగు తగ్గుతుంది.

ఇనుము, పెట్రోలు, రబ్బరు ఆక్సిజన్‌కు లోబడి పాడవుతాయి. మ్యాంటిల్ అప్పటికే పూర్తిగా ఆక్సీకరణం చెందింది. ఆక్సిజన్ దానినుంచి లాక్కోవడానికి ఇంకేమీ లేదు, అందుకే మంట నడుమ నిలబడగలుగుతుంది. ఆ థోరియం వచ్చేది మోనజైట్ ఇసుక నుంచి. 1909లో జర్మన్ రసాయనవేత్త షాంబర్గ్ తిరువాన్కూర్ నుంచి వచ్చిన కొబ్బరి పీచుకు అంటిన ఇసుకలో దాన్ని గుర్తించాడు. మన భీమునిపట్నం తీరంలోని నల్ల ఇసుకలోనూ అది ఉంది. థోరియం స్వల్పంగా రేడియోధార్మికం కాబట్టి పాత మ్యాంటిల్ బూడిదను ఊదకుండా, పీల్చకుండా తడి చేసి తీయాలి. ఇప్పుడు కొన్ని మ్యాంటిళ్లలో థోరియానికి బదులు ఇట్రియం వాడుతున్నారు. ఏ రకమైనా సరే, మూసిన గదిలో ఈ దీపం వద్దు. ఆక్సిజన్ చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది.

ఎక్కడ ఆపాలి

మెరిపించాలన్న ఉత్సాహమే పాత వస్తువుకు పెద్ద ముప్పు. బఫింగ్ చక్రానికి పెడితే ఇత్తడి ట్యాంకు మీది ముద్ర అక్షరాలు అరిగిపోతాయి. గట్టి ఆమ్లంలో నానబెడితే స్ప్రింగులోకి హైడ్రోజన్ చొరబడి అది ఉన్నట్టుండి విరుగుతుంది. అసలు రంగు ఒకసారి గీకేస్తే తిరిగి రాదు. 2021లో కేంద్ర రవాణా శాఖ యాభై ఏళ్లు దాటిన వింటేజ్ వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చినప్పుడు, బండి అసలు రూపంలో ఉండాలన్న షరతు పెట్టింది. పాత పెయింటు ఇంకా లోహాన్ని పట్టుకుని ఉంటే దాని పని అది చేస్తున్నట్టే.

కాబట్టి తీయాలా వద్దా అన్న ప్రశ్నకు అందంతో పని లేదు. చర్య ఇంకా నడుస్తోందా, ఆగిపోయిందా అన్నదే చూడాలి. పొడిగా రాలే ఎర్ర తుప్పు తేమను పీల్చి పట్టి ఉంచుతుంది, దాని కింద ఇనుము ఇంకా కరుగుతూనే ఉంటుంది. గట్టిగా అంటుకున్న నల్లటి పొర ఆ కరుగుదలను నెమ్మదింపజేస్తుంది. తేడా తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పాత నూలు గుడ్డకు నాలుగు చుక్కల నూనె రాసి గట్టిగా రుద్దండి. గుడ్డకు ఎరుపు అంటితే పని మిగిలి ఉంది. అంటకపోతే ఆ నూనె పొరను అలాగే ఉంచి, వానాకాలం ముందు ఇంకోసారి రాయాలని గుర్తుపెట్టుకుని, ఆ పూటకు చేతులు కడుక్కోవచ్చు.